ధనుష్కోటి పాత రైలు దారిలో నడవడం ఎలా?

రామేశ్వరం వెళ్ళిన మనవాళ్ళు ధనుష్కోటి చూసే తీరు నాకు కంఠతా వచ్చు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వ్యాను ఎక్కుతారు. చివరన అశోక స్తంభం దగ్గర దిగి గ్రూప్ ఫొటో తీసుకుంటారు, చిన్న సీసాలో సేతు ఇసుక నింపుకుంటారు, "అబ్బ, ఏం ఎండ!" అంటూ ఇరవై నిమిషాల్లో మళ్ళీ వ్యాను ఎక్కేస్తారు. చుట్టాల్ని బ్యాచ్‌ల లెక్కన అక్కడికి తీసుకెళ్ళి, ఈ తంతు చూసి చూసి విసిగి ఇది రాస్తున్నాను. అక్కడ నడవాలి. ఎలా నడవాలో చెబుతాను.

ముందు ఆ దారి సంగతి. 1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు ఎగ్మోరు నుంచి బోట్ మెయిల్ అనే రైలు సరాసరి ధనుష్కోటి వచ్చేది. అక్కడ దిగి స్టీమరెక్కితే తలైమన్నార్, అంటే సిలోను. పాంబన్ దగ్గర లైను రెండుగా చీలి ఒకటి రామేశ్వరానికి, ఇంకోటి ధనుష్కోటికి పోయేది. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరు ధనుష్కోటి చేరబోతుండగా ఉప్పెనలో కొట్టుకుపోయింది. నూరుమందికి పైగా జనం పోయారు. దివిసీమ ఉప్పెన తెలిసిన మనకు ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పాంబన్ వంతెనను 46 రోజుల్లో బాగుచేశారు గానీ ధనుష్కోటి లైను మళ్ళీ వేయలేదు. ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. 2017లో తారు రోడ్డు వచ్చేదాకా అక్కడికి వెళ్ళాలంటే ఇసుకలో పడి నడవాలి, లేదా పెద్ద టైర్ల వ్యాన్లలో ఎగిరెగిరి పడాలి.

వెళ్ళాల్సింది సంక్రాంతి దాటాక, మార్చి ముదరక ముందు. నైరుతి గాలి మొదలైతే ఇసుక లేచి ముఖానికి సూదుల్లా గుచ్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం, ఆ ఆలోచనే పెట్టుకోకండి.

సామాను పెద్దగా ఏం లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, తువ్వాలు, వెనక పట్టీ ఉన్న శాండిల్స్, నడుం ఎత్తు కర్ర. హవాయి చెప్పులు వద్దు. పులిహోర అసలే వద్దు. ఆ ఉప్పుకీ నూనెకీ దాహం వేసి ఉన్న నీళ్ళన్నీ మొదటి గంటలోనే అయిపోతాయి. అరటిపళ్ళు చాలు.

ఇక ఎటు నుంచి ఎటు నడవాలి? అందరూ రామేశ్వరం వైపు నుంచి చివరికి నడుస్తారు. అది తప్పు. ఆ నేల నాలుక ఆగ్నేయానికి చాచుకుని ఉంటుంది, కాబట్టి పొద్దున అటు నడిస్తే సూర్యుడు నేరుగా కళ్ళలోకి కొడతాడు. పైగా అలిసిపోయేసరికి సముద్రం మధ్యలో ఉంటారు. అందుకని పొద్దున ధనుష్కోటి రోడ్డు చెక్‌పోస్ట్ దగ్గర బళ్ళను వదిలిన వెంటనే ఆటోలోనో బస్సులోనో కొసకి, అంటే అరిచల్ మునైకి వెళ్ళిపోండి. అక్కడి నుంచి వెనక్కి నడవండి. ఎండ వీపు మీద పడుతుంది. ఒక్కో కిలోమీటరూ టీ కొట్టుకి దగ్గరవుతుంటారు. కాళ్ళు మొరాయిస్తే పక్కనే రోడ్డు, చెయ్యెత్తితే ఆటో.

కొస నుంచి రామేశ్వరం వైపు దారిలో ఉన్న ముకుందరాయర్ సత్రం అనే చిన్న ఊరి దాకా మొత్తం 9.5 కిలోమీటర్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు సగం నడిచి ఆటో ఎక్కితే ఎవరూ ఏమీ అనుకోరు.

కొసలో సేతు ఇసుక తీసుకోండి, నీళ్ళు నెత్తిన చల్లుకోండి, అంతే. మునగొద్దు. రెండు సముద్రాలు కలిసే చోట అడుగున లాగుడు బలంగా ఉంటుంది, ఒడ్డు కూడా ఒక్కసారిగా లోతైపోతుంది. స్నానం సాయంత్రం రామేశ్వరంలో అగ్నితీర్థంలో చేయొచ్చు. మా బావగారు వినకుండా ఒడ్డునే కూర్చుని చెంబుతో తలస్నానం చేసి, తడి పంచెతోనే నడక మొదలుపెట్టారు. ఉప్పునీటి పంచె తొడలకి రాసుకుని రెండో కిలోమీటరుకే కాళ్ళు ఎడంగా పెట్టి నడిచారు. తర్వాత రెండు రోజులు గుడి ప్రాకారాల్లో కూడా అదే నడక.

మొదటి నాలుగున్నర కిలోమీటర్లు రోడ్డు మీదే నడవండి. అక్కడ నేల సన్నం, వేరే దారి లేదు. కుడిచేతి పక్క బంగాళాఖాతం, ఎడమచేతి పక్క మన్నార్ సింధుశాఖ. స్థానికులు మొదటిదాన్ని ఆడ సముద్రం అనీ, రెండోదాన్ని మగ సముద్రం అనీ అంటారు. ఎందుకో రెండు పక్కలా అలల చప్పుడు వింటే తెలిసిపోతుంది.

పాత ఊరి శిథిలాలు రాగానే ఆగి, నీడ చూసుకుని కూర్చోండి. చర్చి గోడ దగ్గరికి వెళ్ళి చూడండి. దూరానికి మామూలు రాతిగోడలాగే ఉంటుంది. ముఖం దగ్గర పెట్టి చూస్తే ఒక్కో రాయి నిండా తేనెపట్టులాంటి సన్నటి గళ్ళు కనిపిస్తాయి. అది పగడపు రాయి, సముద్రంలోంచి వచ్చిందే. కొన్ని గళ్ళలో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి. స్టేషన్ గోడలూ ఆ దగ్గర్లోనే. గోడలెక్కి ఫొటోలు దిగకండి, అవి ఇప్పటికే ఆగలేక ఆగుతున్నాయి. రైలు పట్టాల కోసం వెతుకుతూ టైమ్ పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. శిథిలాలు దాటాక నేల వెడల్పవుతుంది. కుడివైపు పర్ర, అంటే ఉప్పు బురద నేల, మధ్యమధ్య పల్చటి నీళ్ళు, చలికాలం వెళ్ళేవేళ ఆ నీళ్ళలో ఫ్లెమింగోలు. పులికాట్‌లో చూసిన పక్షులే అయినా ఇక్కడ చూస్తే కాళ్ళు ఆగవు. "ఎండిపోయినట్టే ఉందిగా, అడ్డంగా పోదాం" అనిపిస్తుంది. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. కాకపోతే అది పప్పు కాదు, బురద.

ఆ పర్ర పైన ఎండి తెల్లటి ఉప్పు పెచ్చు కడుతుంది. చూడ్డానికి సిమెంటు గచ్చులా ఉంటుంది. పది అడుగులు మోస్తుంది, పదకొండో అడుగుకి విరుగుతుంది. కింద నల్లటి మెత్తటి అడుసు. నేను మొదటిసారి మోకాలి దాకా దిగబడ్డాను. కంగారులో కాలు గుంజితే చెప్పు లోపలే ఉండిపోయింది, చొక్కా జేబులోని ఫోను ముందుకి పడింది. చెప్పు దొరికింది. ఫోను కూడా దొరికింది గానీ మళ్ళీ మోగలేదు.

కాబట్టి నేల రంగు చూసి అడుగేయండి. మేక డెక్కలాంటి ఆకులతో, ఊదారంగు పూలతో పాకే తీగ ఉన్నచోట ఇసుక గట్టిగా ఉంటుంది. ఏమీ మొలవకుండా నున్నగా, బూడిదరంగులో మెరిసేచోట కాలు పెట్టొద్దు. అనుమానం వస్తే కర్ర గుచ్చండి. జానెడు సులువుగా దిగితే వెనక్కి తిరగండి. టైరు చారలు కనిపిస్తే అదే దారి అనుకోకండి, బండి బరువుకి కింది అడుసు ఇంకా చితికి ఉంటుంది. ముందు వెళ్ళినవాడి అడుగుల్లోనే అడుగులేయడం కూడా ఇక్కడ పనికిరాదు, పెచ్చు అప్పటికే బీటవారి ఉంటుంది. పిల్లల్ని ఎప్పుడూ కర్ర ఉన్న మనిషి వెనకే నడిపించండి, పక్కన కాదు.

దిగబడితే మాత్రం గుంజకండి. రెండో కాలు ముందుకి వేయకండి. వచ్చిన వైపుకి వెనక్కి కూలబడండి, బట్టలు పోతే పోనివ్వండి. మడమను అటూ ఇటూ కదిపితే సందులోకి గాలీ నీళ్ళూ చేరి కాలు వదులవుతుంది. అప్పుడు మెల్లగా తీయండి. పక్కవాళ్ళు దగ్గరికి ఉరికి రాకుండా గట్టి నేల మీదే నిలబడి కర్ర అందించాలి. సాయం అని పరిగెత్తుకొచ్చి ఇద్దరూ దిగబడ్డ వైభవం కూడా చూశాను.

పక్షుల్ని రోడ్డంచు నుంచే చూడండి. 2025 జూన్‌లో ఈ ప్రాంతాన్ని ఫ్లెమింగోల అభయారణ్యంగా ప్రకటించారు. అటవీ సిబ్బంది వద్దంటే వాదన పెట్టుకోకుండా రోడ్డెక్కేయండి. అడ్డదారి మోజు తీరని వాళ్ళు ఎడమవైపు ఒడ్డున, అల వచ్చి పోయిన తడి ఇసుక మీద నడవొచ్చు. పొడి ఇసుక మీద రెండింతలు అలసట.

మిగతా దూరం మామూలు నడకే. పది, పదిన్నరకల్లా సత్రం చేరిపోవాలి. ఆపైన తారు కాలి ఆవిర్లు కొడుతుంది. అక్కడ మజ్జిగ తాగి, రామేశ్వరం ఆటో మాట్లాడుకునేటప్పుడే దారిలో కోదండరామస్వామి గుడి దగ్గర ఆపమని ముందే చెప్పండి. విభీషణ పట్టాభిషేకం జరిగిందని చెప్పే చోటు అది, 1964 తుపానుకి తట్టుకుని నిలిచింది. ఆటో ఎక్కాక అడిగితే రేటు పెంచుతారు.