బెంచ్ పవర్ సప్లై (ఎలక్ట్రానిక్స్ పనికి కావలసిన డీసీ వోల్టేజీ ఇచ్చే పెట్టె) మూత విప్పే ముందు జాగ్రత్తలు

- స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ ఊడదీయండి. అవుట్‌పుట్‌కు బ్యాటరీ తగిలించి ఉంటే అదీ తీసేయండి.

- అసలు ప్రమాదం లోపల విద్యుత్తును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్‌తోనే. 230 వోల్టులపై నడిచే స్విచింగ్ సప్లైలో దానిపై సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా మిగిలి ఉండవచ్చు. దయచేసి స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. 2 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌ను ఆ కెపాసిటర్ రెండు కొసలకు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కొన్ని సెకన్లు తగిలించండి. మల్టీమీటర్ దాదాపు సున్నా చూపాకే చేయి పెట్టండి. ఆ మీటర్‌ను ముందే మంచి బ్యాటరీపై సరిచూసుకోవాలి.

- ఉంగరాలు, గడియారం వద్దు.

- ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పులను తెరపై గీసి చూపే పరికరం) గ్రౌండ్ క్లిప్పును మెయిన్స్ (230 వోల్టుల) వైపు తగిలించకండి; ఎర్త్‌తో షార్ట్ అవుతుంది.

- కాలిన ఫ్యూజుకు బదులు అదే రేటింగ్‌ది వేయండి. తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్‌లో (కరెంటు దాని గుండానే సప్లైకి వెళ్లేలా) 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి. అది పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టే, వెంటనే ఆపేయండి.