టెలిస్కోప్‌తో గెలాక్సీలు – 6వ పాఠం: ఎన్‌జీసీ 3384 ఏ గుంపుది?

కిందటి పాఠంలో సింహరాశిలో ఎమ్ 95, ఎమ్ 96 గెలాక్సీలను పట్టుకున్నాం (ఎమ్, ఎన్‌జీసీ అనేవి ఆకాశ వస్తువుల జాబితాలు, అంకె ఆ జాబితాలో వరుస సంఖ్య). ఇప్పుడు ఎమ్ 96 నుంచి ఉత్తరంగా ముప్పావు డిగ్రీ జరగండి. చిన్న త్రిభుజంలా మూడు మసక మచ్చలు ఉంటాయి. అన్నిటికన్నా కాంతివంతమైనది ఎమ్ 105, దాని పక్కది ఎన్‌జీసీ 3384, మూడోది ఎన్‌జీసీ 3389. ఊరి దీపాల మధ్య మూడోది దొరక్కపోతే టెన్షన్ పడకండి, దాని ప్రకాశం 12వ పరిమాణం దగ్గర ఉంటుంది (ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో మన దగ్గర సింహరాశి నడినెత్తికి వచ్చేస్తుంది. అక్కడ డాబ్సోనియన్ రకం టెలిస్కోప్‌ను తిప్పడం కష్టం, కాబట్టి ఓ గంట ముందే మొదలుపెట్టండి.

మొదటి రెండింటినీ నింపాదిగా పోల్చండి. ఎమ్ 105 గుండ్రంగా ఉంటుంది. 3384 కోలగా సాగి, నడిమి భాగం చుక్కలా మెరుస్తుంది. ఆ సాగిన భాగమే దాని పళ్లెం. పళ్లెం ఉంది, సర్పిల భుజాలు లేవు, కొత్త తారలు పుట్టేంత వాయువు మిగల్లేదు. ఇలాంటివాటినే లెంటిక్యులర్ గెలాక్సీలు, ఎస్0 రకం అంటారు.

ఇక్కడే ఒక చిక్కుంది, నాకు ఈ పాఠంలో బాగా ఇష్టమైన భాగమూ ఇదే. ఎస్0 పళ్లెం తిన్నగా మనవైపే తిరిగి ఉంటే గుండ్రంగానే కనిపిస్తుంది, పళ్లెం లేని దీర్ఘవృత్తాకార గెలాక్సీకీ దానికీ తేడా తెలియదు. ఎమ్ 105ను దీర్ఘవృత్తాకార గెలాక్సీలకు మచ్చుతునకగా చూపిస్తారు. అది కూడా మనవైపు తిరిగిన ఎస్0 కావచ్చని 1990లలో కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. అందుకే నోట్‌బుక్‌లో 'గుండ్రం' అని రాయండి, 'దీర్ఘవృత్తాకారం' అని రాయకండి. చూసింది వేరు, తేల్చింది వేరు.

ఇప్పుడు గుంపు సంగతి. దగ్గరి కొండ, దూరపు కొండ ఒకే వరుసలో కనిపించినట్టే, పక్కపక్కన కనబడ్డ గెలాక్సీలు పక్కపక్కనే ఉండాలని లేదు. మననుంచి దూరం జరిగే వేగాలు చూడండి: 3384 సెకనుకు సుమారు 700 కిలోమీటర్లు, ఎమ్ 105 సుమారు 900, 3389 సుమారు 1300. మొదటి రెండింటి మధ్య తేడా 200. చిన్న గుంపులో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే గెలాక్సీలకు అది మామూలే. 3389 తేడా మాత్రం ఇంత చిన్న గుంపు గురుత్వం పట్టి ఉంచగలిగేది కాదు. దూరాల కొలతలూ అదే చెబుతున్నాయి: మొదటి రెండూ దాదాపు 3.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి, 3389 దాదాపు రెట్టింపు దూరంలో ఉంది. అది వెనక నిలబడ్డ పరాయిది.

మిగిలిన రెండింటి బంధానికి కంటికి కనబడని సాక్ష్యం ఉంది. 1983లో అరెసిబో రేడియో టెలిస్కోప్‌తో వీటి చుట్టూ దాదాపు 6.5 లక్షల కాంతి సంవత్సరాల వెడల్పున్న హైడ్రోజన్ వలయాన్ని కనుగొన్నారు. వంద కోట్ల ఏళ్లకు పైగా క్రితం 3384, ఎమ్ 96 ఢీకొంటే ఇలాంటి వలయం ఏర్పడగలదని 2010లో కంప్యూటర్ నమూనాలు చూపించాయి.

అభ్యాసం: కోణాన్ని ఆర్క్ నిమిషాల్లో (డిగ్రీలో అరవయ్యో వంతు) తీసుకుని, 3438తో భాగించి, దూరంతో గుణించండి. 3384, ఎమ్ 105 మధ్య 7 ఆర్క్ నిమిషాలు, అంటే కనీసం 70 వేల కాంతి సంవత్సరాలు. 'కనీసం' ఎందుకంటే, మన చూపు దిశలో వాటి మధ్య ఎంత ఎడం ఉందో ఇందులో రాదు. ఎమ్ 96, ఎమ్ 105 మధ్య 48 ఆర్క్ నిమిషాలు. ఎమ్ 96 ఆ వలయం లోపల పడుతుందా, బయటా? లెక్క కట్టి ఉంచండి, 7వ పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.