‘డీమన్ కాపర్‌హెడ్’ మధ్యలో ఆపకుండా చదవాలంటే

బార్బరా కింగ్‌సాల్వర్ రాసిన ఈ నవల 2022లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ తెచ్చుకుంది. నేను మాత్రం రెండుసార్లు మొదలుపెట్టి పక్కన పడేశాను. మూడోసారికి పూర్తయింది.

డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ చదివాకే దీన్ని ముట్టుకోవాలనే మాట పట్టించుకోకండి. ఆ కథనే రచయిత్రి అమెరికాలో, వర్జీనియా కొసనున్న లీ కౌంటీకి తెచ్చారు, నిజమే. డికెన్స్ కథలోని కపటి యూరయా హీప్ ఇక్కడ యూ-హాల్ అయ్యాడు. నేను మొదటిసారి ఈ పోలికలు వెతుక్కుంటూ కూర్చుని, కథానాయకుడైన పిల్లాడు డీమన్‌నే వదిలేశాను.

రెండోసారి భాష దగ్గర ఆగిపోయాను. డీమన్ తన కథ తనే చెబుతాడు, గబగబా, యాసలో, బూతులతో సహా. ప్రతి మాటకీ డిక్షనరీ తెరిస్తే ముప్పై పేజీలకే విసుగొస్తుంది. పైకి చదవండి, లేదా ఆడియోబుక్ వింటూ పేజీ మీద చూపు నడపండి. రెండు మూడు అధ్యాయాలకు చెవి అలవాటు పడుతుంది.

డీమన్‌ను ప్రభుత్వం ఒక ఇంటి తర్వాత ఇంకో ఇంటికి పెంపకానికి పంపుతుంటుంది, కాబట్టి పుస్తకంలో ఒక చీటీ పెట్టుకోండి. డీమన్ ఏ ఇంట్లో ఉన్నాడు, అక్కడ కడుపు నిండిందా అన్నది రాసుకోండి. నా చీటీలో ముసలి రైతు పేరు పక్కన ‘పొగాకు’, మెకాబ్‌ల పేరు పక్కన ‘ఆకలి’ అని ఉంది. పిల్లాణ్ణి పెట్టుకున్నందుకు మెకాబ్‌లకు ప్రభుత్వం నెలనెలా డబ్బిస్తుంది. అయినా వాణ్ణి చెత్త ఏరే పనికి పంపుతారు! పొగాకు కోత అధ్యాయాలు దాటేయకండి. తడి ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగి వాంతులు పట్టుకుంటాయి. అది తెలిస్తే ఆ పేజీలు వేరేగా కనిపిస్తాయి.

ఫుట్‌బాల్‌లో డీమన్ మోకాలు దెబ్బతిన్నాక నెమ్మదించండి. ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్ర, వ్యసనంగా మారేది, 1996లో మార్కెట్లోకి వచ్చింది, 12 గంటలకు ఒకటి చాలన్నారు. డీమన్ చేతికి మాత్రలు మొదట ఇచ్చింది వీధిలో ఎవడో కాదు, జట్టు డాక్టరు. ఈ భాగం రాత్రిళ్లు చదవకండి. నాకైతే నిద్ర పట్టలేదు.

ఇంకొక్కటి. ‘సముద్రం’ అనే మాట వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. వాడెప్పుడూ చూడనిది అది. చివరి అధ్యాయం తెరిచేముందు ఒకసారి ఆ గీతలు వెనక్కి తిప్పి చూసుకోండి.