ఒక పేరు, నాలుగు పనులు, ఒకే రిజిస్టరు

శాసనాలు చదివేవాళ్లు, జముకు అనే వాద్యంతో చెప్పే జముకుల కథ రికార్డు చేసేవాళ్లు, ఊరి మాటలు పోగుచేసేవాళ్లు, వీణ తయారీని ఫొటోలు తీసేవాళ్లు కలిసి ఒకే పేరు పెట్టుకుంటే మొదటి ఏడాది బ్యానరు బాగుంటుంది. రెండో ఏడాదికి ఎవరి పెన్‌డ్రైవు వాళ్లది, ఎవరి ఫోనులో ఫొటోలు వాళ్లవి. ఇన్ని రకాల పనులను కట్టి ఉంచేది ఆ పేరు కింద నడిచే రిజిస్టరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి పని మొదలుపెట్టే బృందానికి పనికొచ్చే పద్ధతి ఇది.

పేరు

నది పేరు పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. వంశధార అని వెతికితే సాగునీటి ప్రాజెక్టు, నాగావళి అని వెతికితే రైలు టైము వస్తాయి. కళింగ అంటే ఒడిశా దాకా లెక్కలేనన్ని సంస్థలు. ఊళ్లో నోటికి అలవాటై, బోర్డుల మీద అంతగా కనిపించని మాట వెతకండి. మన మెట్టచేలను చెప్పే ‘గరువు’ను ఉదాహరణగా తీసుకుందాం. దానికి పని పేరు తగిలించండి: గరువు శాసనాలు, గరువు పాటలు, గరువు మాటలు, గరువు చేతిపని. ఒక్కో పనికీ విడిగా ముద్దుపేరు పెట్టొద్దు. పాటలకు ఒకటి, శాసనాలకు ఇంకొకటి అని ముచ్చటపడితే రెండేళ్ల తర్వాత ఏది దేనిదో మీకే గుర్తుండదు.

ఇంగ్లిష్‌లో గరువును రెండు మూడు రకాలుగా రాయొచ్చు. మొదటిరోజే ఒక స్పెల్లింగు ఖాయం చేసి బ్యాంకు, పాన్, ఈమెయిలు అన్నిటికీ అదే వాడండి. ఒక్క అక్షరం తేడాతో చెక్కు వెనక్కొస్తుంది. సొసైటీగా నమోదు చేయాలంటే 2001 నాటి రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ తొందర ముందే అక్కర్లేదు. ఒక ఏడాది పని చేతిలో ఉన్నాక వెళ్లండి.

రిజిస్టరు

గట్టి అట్ట పుస్తకం ఒకటి, అదే కంప్యూటర్లో పట్టికగా ఒకటి. పాట, ఫొటో, శాసన పాఠం, మాట ఏదైనా సరే, వచ్చిన రోజే ఒక నంబరు పడాలి. నంబరులో రెండే ఉండాలి: పని అక్షరం, వరుస సంఖ్య. పాటలకు ‘పా 0001’, శాసనాలకు ‘శా 0001’. ఫైలు పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. కొన్ని పాత సిస్టముల్లో తెలుగు ఫైలు పేర్లు చెదిరిపోతాయి. తీసేసిన నంబరును మళ్లీ వాడకండి. ‘రద్దు’ అని రాసి వదిలేయండి.

నంబరులో జిల్లా పేరు ఇరికించొద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. నంబరులో ‘శ్రీ’ అని పెట్టుకున్నవాళ్లు ఆరోజు నుంచి అబద్ధపు నంబర్లు మోస్తున్నారు. జిల్లాకు విడిగా రెండు గడులు పెట్టండి: సేకరించిన నాటి జిల్లా, ఇప్పటి జిల్లా. ఊరి పక్కన మండలం, 2011 జనాభా లెక్కల్లోని ఆరంకెల గ్రామ కోడు రాయండి. కోడెందుకు అంటారా? తెలుగులో రాస్తే మన విజయనగరానికీ హంపీ విజయనగరానికీ తేడా కనిపించదు. ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరూ శ్రీకాకుళమే. ఇక గొల్లపల్లులు ఎన్నో లెక్కే లేదు. వీణలు చేసేది బొబ్బిలి పక్కన ఉన్నది.

మిగతా గడులు: తేదీ, ఇచ్చినవారు, సేకరించినవారు, అనుమతి, ఫైలు ఎక్కడుంది. అనుమతిని ఒక్క ‘సరే’తో ముగించకండి. రికార్డు చేయొచ్చా, దాచుకోవచ్చా, అందరికీ వినిపించొచ్చా అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడిగి, మూడు జవాబులూ రాయండి. మొదటి రెండిటికి ఒప్పుకుని మూడోదానికి వద్దనేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా పూజల పాటల దగ్గర.

శాసనాలు

ఊళ్లకు బయల్దేరక ముందు ఇంట్లో చేయాల్సిన పని ఉంది. శ్రీముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు చాలావరకు దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటంలో అచ్చయి ఉన్నాయి. అచ్చులో ఉన్నదాన్ని ‘కొత్తగా దొరికింది’ అని ప్రకటిస్తే శాసనాల పరువే కాదు, అదే పేరు మోస్తున్న పాటల పని పరువూ పోతుంది. ఒక పేరు పెట్టుకున్నందుకు కట్టే సుంకం అది.

ముఖలింగంలాంటి రక్షిత కట్టడం మీద పురావస్తు శాఖ అనుమతి లేకుండా కాగితం అద్ది అచ్చు తీయకూడదు. ఫొటోలతోనే చాలా పని అవుతుంది. కెమెరాను స్టాండు మీద రాతికి సూటిగా బిగించండి. ఎండలో అయితే నల్లగుడ్డతో నీడ పట్టండి, సాయంత్రమైతే ఇంకా మేలు. టార్చిని రాతిని ఒరుసుకుంటున్నట్టు పది పదిహేను డిగ్రీల వాలులో పెట్టి ఎడమ, కుడి, పైన, కింద నుంచి నాలుగు ఫొటోలు తీయండి, కెమెరా కదలకూడదు. వెలుతురు వచ్చే దిశలోనే సాగిన గీతకు నీడ పడదు, అందుకే ఒక వైపు నుంచి తీసిన ఫొటోలో సగం అక్షరాలు మాయమవుతాయి. పక్కన స్కేలు తప్పనిసరి.

సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి. దిద్దిన చేయి తాను ఊహించిన అక్షరాన్నే దిద్దుతుంది, తర్వాత వచ్చేవాళ్లు దాన్నే చదువుతారు. ఇనప బ్రష్షు అసలే వద్దు. మెత్తని నైలాన్ బ్రష్షు, మంచినీళ్లు చాలు. నూనె, పసుపు, సున్నం పట్టిన రాళ్ల దగ్గర ప, వ తికమక పెడతాయి. రెండిటికీ తేడా తల మీది చిన్న సందే, అది మడ్డితో పూడిపోతుంది. అనుమానం ఉన్న అక్షరాన్ని చదరపు బ్రాకెట్లో, చెరిగిన చోటును చుక్కలతో చూపండి. అర్థం కుదరడానికి అక్షరాలు నింపేయకండి.

ఎక్కువమంది పడే గొయ్యి తేదీ. శక సంవత్సరానికి 78 కలపడం అందరికీ తెలుసు. జనవరి నుంచి ఉగాది లోపు తిథి అయితే 79 కలపాలి. గాంగ రాజు అనంతవర్మ చోడగంగ పట్టాభిషేకం శక 999 కుంభమాసంలో. 78 కలిపితే 1077 వస్తుంది, జరిగింది 1078 ఫిబ్రవరిలో. తర్వాతి గాంగుల శాసనాల్లో రాజు పాలన ఏళ్లను చెప్పే ‘అంక’ లెక్క ఇంకా చిక్కు. ఆ లెక్కలో 1ని, 6తో ముగిసే అంకెలను, 10 తప్ప సున్నాతో ముగిసేవాటిని వదిలేస్తారు. కాబట్టి 19వ అంకం అంటే పాలనలో 16వ ఏడు. తొలి గాంగుల గాంగేయ శకం మొదలు క్రీ.శ. 498 ప్రాంతమంటారు, పండితులు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చెబుతారు. అందుకని రిజిస్టరులో రాతి మీద ఉన్న అంకెను ఉన్నట్టే ఎక్కించి, మార్చిన ఏడాదిని పక్క గడిలో రాయండి.

పాటలు

ఉడుపులప్పుడూ కోతలప్పుడూ వెళ్లి ‘కళాకారులు దొరకలేదు’ అనుకోవద్దు. వాళ్లు చేలో ఉంటారు. సంక్రాంతి తర్వాత వెళ్లండి. కూలి పోయే రోజైతే కూలి ముందే మాట్లాడుకోండి.

రికార్డరు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకు సుమారు 1.04 జీబీ పడుతుంది, ఆ లెక్కన కార్డు చూసుకోండి. నేరుగా ఎంపీత్రీలో రికార్డు చేస్తే పోయిన శబ్దాన్ని తర్వాత ఎవరూ తేలేరు. జముకుల కథకు రికార్డరు రెండు మీటర్ల దూరంలో, కథకుడి వైపు తిప్పి పెట్టండి. జముకు పక్కనే పెడితే దాని గుంజుడు మాటను మింగేస్తుంది. తప్పెటగుళ్లకు కాలరు మైకు దండగ. రేకు తప్పెట గుండె మీదే ఉంటుంది, ఒక్క దెబ్బకు శబ్దం పగిలిపోతుంది. మూడు నాలుగు మీటర్ల దూరంలో తలెత్తున స్టాండు వేసి, ఉద్ధృతమైన చోట కూడా రికార్డరు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిను (శబ్దాన్ని పెంచే మోతాదు) తగ్గించండి. ముందు ఒక అడుగు ఆడించి సరిచూసుకోవాలి. మెల్లగా మొదలై చివరికి ఊపందుకునే ఆట అది, మొదటి నిమిషం చూసి గెయిను పెట్టారో చివరి పది నిమిషాలూ పాడు.

ఫ్యాను ఆపండి, ఫోన్లు విమానం మోడులో పెట్టండి. కళింగపట్నం, భావనపాడు వైపైతే సముద్రపు గాలికి స్పాంజి తొడుగు చాలదు, బొచ్చు తొడుగు కావాలి. మొదట నంబరు, తేదీ, ఊరు, పాడేవారి పేరు నోటితో చెప్పండి. ఫైలు పేరు చెరిగినా గొంతు ఉంటుంది.

మాటలు, చేతిపని

‘మీ యాసలో దీన్నేమంటారు’ అని అడిగితే పుస్తకాల మాటే చెబుతారు. వస్తువు చేతికిచ్చి దాంతో ఏం చేస్తారో అడగండి, మాట దానంతటదే వస్తుంది. ‘ఏటి’ని ‘ఏమిటి’గా, ‘సేను’ను ‘చేను’గా దిద్దితే పోగుచేసి లాభం లేదు. ప్రతి మాటకూ ఒక పూర్తి వాక్యం, దాని ఆడియో నంబరు ఉండాలి. సవర మాటలను తెలుగు యాసల పెట్టెలో వేయొద్దు. అది ముండా కుటుంబపు భాష, గిడుగు రామమూర్తి సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వెలువడింది. సవరలో గొంతు నొక్కి ఆపే ధ్వనిని తెలుగు లిపి చూపలేదు కాబట్టి రికార్డింగు లేని సవర మాటను ఎక్కించకండి.

చేతిపనికి అందమైన ఫొటోలకన్నా కొలతలు ముఖ్యం. బొబ్బిలి వీణకైతే పనస దుంగ పొడవు, తొలిచిన లోతు, మైనం మీద నిలిపే 24 మెట్ల మధ్య దూరాలు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వేచోట చేతి కదలికను పక్కనుంచి, పైనుంచి రెండు వీడియోలు తీయండి.

కాపీలు, పరీక్ష

మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లో. ఆ వేరే ఊరు తీరం మీద ఉండకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చాయి. కాపీలన్నీ పలాసలోనో విశాఖలోనో ఉంటే ఒకే గాలికి పోతాయి. ఏటా సెప్టెంబరులో, అంటే తుపాన్ల కాలానికి ముందే, డిస్కులన్నీ తెరిచి చూడండి.

అదే నెలలో ఒక పరీక్ష. బృందంలో లేని మనిషిని కూర్చోబెట్టి రిజిస్టరులోంచి పది నంబర్లు ఎంచుకోమనండి, నాలుగు పనుల నుంచీ ఉండాలి. ఎవరినీ అడక్కుండా ఒక్కోదాన్ని ఐదు నిమిషాల్లో తెరిచి, ఎక్కడిదో, ఎవరిదో, అనుమతి ఏమిటో చెప్పగలగాలి. పదిలో మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ దొరక్కుండా పోతే ఆ నెలంతా కొత్త సేకరణ ఆపి, పాతవాటికి గడులు నింపండి.