బాత్రూమ్ పక్క గోడకి చెమ్మ, చివరికి ఎలా వదిలిందంటే

బెడ్‌రూమ్ గోడ అడుగున పెయింట్ పొక్కులు లేచి, గీకితే ఉప్పులాంటి తెల్ల పొడి రాలేది. అవతల బాత్రూమ్. బిల్డర్ మనుషులు వచ్చి పుట్టీ పెట్టి రంగేసి పోవడం, కొన్నాళ్లకే మళ్లీ అదే గోల.

లీకు పైపులోనా, నేలలోనా? ముందది తేల్చాలి. కుళాయిల వాల్వు తెరిచే ఉంచి, ఆ బాత్రూమ్ వాడటం ఆపేశాం. చెమ్మ ఆరడం మొదలైంది, అంటే నీళ్ల పైపు బాగానే ఉన్నట్టు. తర్వాత చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్లు పోయే తూములో, పాలిథిన్ చుట్టిన గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు రాత్రంతా నిలబెట్టాను. తెల్లారేసరికి చెమ్మ గీత దాటేసింది.

ఫొటోలతో రిజిస్టర్డ్ పోస్టులో బిల్డర్‌కి ఉత్తరం రాశాను. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అప్పటిదాకా 'చూద్దాం సార్' అన్నవాళ్ల గొంతు మారింది.

టైల్స్ తీస్తే వాటర్‌ప్రూఫింగ్ పూత జాడే లేదు. ట్రాప్ చుట్టూ ఇటుక ముక్కలు, ఇసుక! అదంతా తవ్వి గ్రౌట్ (సందులు పూడ్చే మిశ్రమం) నింపారు. పూత రెండు కోట్లు, గోడ మీద అడుగు ఎత్తు దాకా. టైల్స్ వేయకముందే మళ్లీ నీళ్లు నిలబెట్టమన్నాను. మేస్త్రి గొణిగాడు, గొణగనీ.

రంగు మాత్రం గోడ పూర్తిగా ఆరాకే వేయించాను. ఆ తెల్ల పొడిని వైరు బ్రష్‌తో రుద్ది తీయకపోతే కొత్త పెయింటూ లేస్తుంది.