1949 జ్లోటీ: అల్యూమినియమా, రాగి-నికెలా? తేల్చుకోవడం ఇలా

పోలండ్ 1 జ్లోటీ నాణెం మీద 1949 అని ఉంటే అది రెండు లోహాల్లో ఏదో ఒకటి: రాగి-నికెల్ మిశ్రమం, లేదా అల్యూమినియం. రెండూ 25 మిల్లీమీటర్లే, బొమ్మా ఒకటే. ఫొటో చూసి కొంటే బోల్తా పడేది ఇక్కడే.

నగల కాటా మీద పెట్టండి, 0.01 గ్రాము దాకా చూపేదైతే మేలు. రాగి-నికెల్‌ది 7 గ్రాములు, అల్యూమినియంది 2.12. అరిగితే కాస్త తగ్గొచ్చు గానీ 4, 5 గ్రాములు చూపిస్తే అనుమానించాల్సిందే. వెండిదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ సైజులో వెండి ఉంటే 8 గ్రాములు దాటుతుంది. అయస్కాంతంతో ఈ రెండింటి తేడా తెలియదు, ఏదీ అంటుకోదు. అంటుకుంటే అసలు నాణెమే కాదు.

తర్వాత నాణెం మీది గద్ద బొమ్మ (పోలండ్ చిహ్నం) చుట్టూ ఉన్న రాత చూడండి. 1949 నాణెం మీద 'పోలిష్ రిపబ్లిక్' అనే అర్థం వచ్చే పేరే ఉంటుంది. 1952 రాజ్యాంగంతో దేశం పేరులో 'ప్రజా' చేరింది. జ్లోటీ మీదికి ఆ పేరు ఎక్కింది 1957 నుంచి. గద్దకు కిరీటం మాత్రం రెండింట్లోనూ లేదు.

1949 అని ఉన్నా ఇది జనం చేతికి వచ్చింది 1950 అక్టోబరు 30న, కరెన్సీ మార్పిడితో. జీతాలు, ధరలు 100 పాత జ్లోటీలకు 3 కొత్తవిగా మారాయి. చేతిలోని నగదుకు మాత్రం 100కి ఒక్కటే ఇచ్చారు. ఇంట్లో 10,000 దాచుకున్నవాడికి 100 దక్కింది. అంతే ధర పలికిన వస్తువు 300 అయింది. అంటే దాచుకున్న సొమ్ము విలువలో మూడింట రెండొంతులు రాత్రికి రాత్రే పోయింది. ప్రైవేటు వ్యాపారుల దగ్గర, రైతుల దగ్గర పోగైన నగదే ఈ దెబ్బకు గురి.

శుభ్రం చేసే పని పెట్టుకోకపోవడమే మంచిది. చింతపండు, నిమ్మకాయ, వంటసోడా ఏవీ వద్దు: అల్యూమినియం మెత్తన, పైపొర పోయి మచ్చలు తేలుతాయి, ఆ మెరుపు మళ్లీ రాదు. మట్టి ఉంటే డిస్టిల్డ్ నీళ్లలో కాసేపు ఉంచి, రుద్దకుండా నూలు గుడ్డతో అద్దండి. మెత్తటి పీవీసీ కవర్లలో రాగి-నికెల్ నాణేలకు పచ్చటి జిగురు పడుతుంది, మైలార్ (పాలిస్టర్ ఫిల్మ్) కవర్లు వాడండి. పిన్ను కొట్టే అట్ట హోల్డరైతే పిన్నుల మొనలను నొక్కి చదును చేయండి, లేకపోతే పక్కనున్న అల్యూమినియం నాణెం మీద గీత పడుతుంది.