బెంగళూరు ఫ్లాట్ నుంచి డీఎంఆర్: హామ్ సెట్‌కు కోడ్‌ప్లగ్ రాసుకునే పద్ధతి

చేతిలో పట్టే అయిదు వాట్ల సెట్‌తో బెంగళూరు నుంచి కర్నూలుకో విజయవాడకో నేరుగా మాట అందదు. ఇంటర్నెట్‌తో ముడిపడిన డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) వల్ల ఆ దూరం సమస్య కాకుండా పోయింది కనుక, ఇక్కడ స్థిరపడిన తెలుగు హామ్‌లు (లైసెన్సుతో అభిరుచిగా రేడియో నడిపేవారు) చాలామంది ఈ సెట్లు కొంటున్నారు. అయితే కొత్త సెట్ మొదటి రోజు మౌనంగా ఉండిపోవడం సర్వసాధారణం. కారణం దాదాపు ఎప్పుడూ సెట్‌లోని లోపం కాదు, అందులో రాసిన కోడ్‌ప్లగ్, అంటే సెట్ ఏ ఛానల్‌లో ఎలా పనిచేయాలో చెప్పే సెట్టింగుల ఫైల్. అనలాగ్‌లో ఫ్రీక్వెన్సీ సరిపోతే గరగర శబ్దమైనా వినిపించి దారి చూపుతుంది. డీఎంఆర్‌లో ఒక్క అంకె తప్పినా స్పీకర్ పూర్తిగా మూగబోతుంది కనుక, ఏ అంకె ఏ పని చేస్తుందో తెలుసుకున్నాకే రాయడం మొదలుపెట్టాలి.

యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ 2005లో వెలువరించిన డీఎంఆర్ ప్రమాణం 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒకే ఛానల్‌ను 30 మిల్లీసెకన్ల చొప్పున రెండు టైమ్ స్లాట్లుగా పంచుతుంది. అందువల్ల ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సంభాషణలు ఒకేసారి నడుస్తాయి. కలర్ కోడ్ 0 నుంచి 15 వరకు ఉండే అంకె. అనలాగ్ రిపీటర్ (సిగ్నల్‌ను అందుకొని మళ్లీ ప్రసారం చేసే కేంద్రం) తన టోన్ ఉన్న సిగ్నల్‌నే ఎలా అనుమతిస్తుందో, డీఎంఆర్‌లో కలర్ కోడ్ సరిపోయిన సిగ్నల్‌కే అలా దారి దొరుకుతుంది. టాక్‌గ్రూప్ సంఖ్య ఏ బృందం మాట్లాడుతోందో చెబుతుంది. టైర్-3 అనే ట్రంక్ పద్ధతిలో ఒక కంట్రోల్ ఛానల్ ప్రతి కాల్‌కూ అప్పటికప్పుడు ఖాళీ ఛానల్ కేటాయిస్తుంది. అమెరికాలో స్కానర్ (ఇతరుల రేడియో సంభాషణలను వినే సెట్) అభిరుచి ఉన్నవారు తమ స్కానర్లలో రాసుకునేవి ఇలాంటి వ్యవస్థల కంట్రోల్ ఛానళ్లు, టాక్‌గ్రూప్ సంఖ్యలే. హామ్‌లు వాడేది టైర్-2. ఇందులో కేటాయించే యంత్రం ఉండదు కనుక స్లాట్‌నూ టాక్‌గ్రూప్‌నూ మనమే రాసుకోవాలి. మన దేశంలో పోలీసు తదితర శాఖల సంభాషణలను అనుమతి లేకుండా వినడం శిక్షార్హమైన నేరం. అందువల్ల ఈ వ్యాసం హామ్ బ్యాండ్ దాటి వెళ్లదు, చదివేవారు కూడా దాటకూడదని నా గట్టి అభిప్రాయం.

లైసెన్సు, కాల్‌సైన్ చేతికి వచ్చాక రేడియోఐడీ వెబ్‌సైట్‌లో లైసెన్సు ప్రతిని సమర్పించి డీఎంఆర్ ఐడీ తీసుకోవాలి. అది ఏడంకెల సంఖ్య, మన దేశానికి 404తో మొదలవుతుంది. స్నేహితుడి ఐడీని తాత్కాలికంగానైనా వాడకూడదు. నెట్‌వర్క్ మిమ్మల్ని ఆ అంకెతోనే గుర్తిస్తుంది.

సెట్‌ను కంప్యూటర్‌కు కలపగానే మొదట చేయవలసింది అందులో ఉన్న సమాచారాన్ని చదివి, ఆ ఫైల్‌ను మార్చకుండా భద్రపరచడం. సెట్ ఫర్మ్‌వేర్‌కు (సెట్ లోపలి ప్రోగ్రామ్‌కు) సరిపోయే కోడ్‌ప్లగ్ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌నే వాడాలి. కేబుల్ అవసరమైతే బెంగళూరు ఎస్పీ రోడ్‌లోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది, కాని మీ మోడల్ పేరు చెప్పి సరిచూసుకొని కొనడం మేలు.

రాసే వరుస ముఖ్యం: ముందు కాంటాక్టులు (పిలవదలచిన సంఖ్యలు), తర్వాత రిసీవ్ గ్రూప్ జాబితా (వినదలచిన టాక్‌గ్రూపులు), ఆ పైన ఛానళ్లు, చివర జోన్లు (ఛానళ్ల సమూహాలు). ప్రతిదీ తన ముందుదాని మీద ఆధారపడుతుంది కనుక వరుస తప్పితే వెనక్కి వచ్చి మళ్లీ రాయాల్సి వస్తుంది. హామ్‌ల డీఎంఆర్ కేంద్రాలను ఇంటర్నెట్ ద్వారా కలిపే బ్రాండ్‌మీస్టర్ నెట్‌వర్క్‌లో భారత్‌కు 404నూ, ప్రపంచానికంతటికీ 91నూ గ్రూప్ కాల్‌గా రాయాలి. మన మాటను మనకే తిరిగి వినిపించే 9990ని మాత్రం ప్రైవేట్ కాల్‌గా రాయాలి. రిసీవ్ గ్రూప్ జాబితాను చాలామంది ఖాళీగా వదిలేస్తారు. చాలా సెట్లు ఆ జాబితాలో ఉన్న టాక్‌గ్రూపులనే వినిపిస్తాయి కనుక, ఎదుటివారు పిలుస్తున్నా వినపడని పరిస్థితి ఇక్కడే పుడుతుంది. మీ సెట్‌లో డిజిటల్ మానిటర్ సదుపాయం ఉంటే దాన్ని ఆన్ చేసి చూడండి. అప్పుడు మాట వినిపిస్తే తప్పు టాక్‌గ్రూప్ జాబితాలోనో స్లాట్‌లోనో ఉందని తేలుతుంది. అప్పటికీ మౌనమే అయితే ఫ్రీక్వెన్సీని, కలర్ కోడ్‌ను పరిశీలించాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి రిపీటర్ కన్నా సొంత హాట్‌స్పాట్ (ఇంట్లో సెట్‌ను ఇంటర్నెట్‌కు కలిపే చిన్న పరికరం) నమ్మకమైనది. రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ మీద ఎంఎండీవీఎం అనే చిన్న రేడియో బోర్డు అమర్చి, పై-స్టార్ సాఫ్ట్‌వేర్ వేస్తే సరిపోతుంది. బ్రాండ్‌మీస్టర్ ఖాతాలో పెట్టుకున్న హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌నే పై-స్టార్‌లోనూ రాయకపోతే అది నెట్‌వర్క్‌కు కలవదు. ఛానల్‌లో పంపే ఫ్రీక్వెన్సీ, అందుకునే ఫ్రీక్వెన్సీ ఒకటే ఉండాలి. కలర్ కోడ్ 1, స్లాట్ 2 పెట్టాలి. మనకు అనుమతి ఉన్న 434–438 మెగాహెర్ట్జ్‌లో 435 నుంచి పైభాగం హామ్ ఉపగ్రహాలది కనుక దాన్ని వదిలి, 434కూ 435కూ మధ్య, కొంతసేపు విని ఖాళీ అని నిర్ధారించుకున్న చోటు ఎంచుకోవాలి. సెట్ పవర్‌ను అన్నిటికన్నా తక్కువకు తగ్గించాలి. హాట్‌స్పాట్ పక్కనే నిలబడి పూర్తి పవర్‌తో పంపితే దాని రిసీవర్ తట్టుకోలేక మాట ముక్కలవుతుంది. మాట్లాడాక పై-స్టార్ తెరమీద కనిపించే బీఈఆర్ (అందిన డేటాలో తప్పుల శాతం) విలువ ఒక శాతం లోపు ఉంటే మంచిది. అంతకన్నా బాగా ఎక్కువైతే, చవక బోర్డులోని క్రిస్టల్ కాస్త పక్కకు జరిగి ఉండవచ్చు. అప్పుడు రిసీవ్ ఆఫ్‌సెట్‌ను (అందుకునే ఫ్రీక్వెన్సీకి చేసే చిన్న సవరణను) వంద హెర్ట్జ్ చొప్పున అటూ ఇటూ మార్చి, ప్రతిసారీ కొన్ని వాక్యాలు మాట్లాడి, విలువ అన్నిటికన్నా తగ్గిన చోట ఆపాలి. ఈ సర్దుబాటుకు ఓపిక పట్టినవారి గొంతు అవతలివారికి స్పష్టంగా చేరుతుంది, తొందరపడినవారిది ఎప్పటికీ నీళ్లలోంచి వచ్చినట్లే ఉంటుంది.

రిపీటర్ వాడేటప్పుడు ఆఫ్‌సెట్ (ఇక్కడ పంపే, అందుకునే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా), కలర్ కోడ్, స్లాట్ దాన్ని నడిపేవారు చెప్పినట్లే రాయాలి. ఎప్పుడు పంపవచ్చో చెప్పే నియమాన్ని ‘కలర్ కోడ్ ఫ్రీ’గా పెట్టుకుంటే ఇతరుల సంభాషణ మధ్యలోకి చొరబడకుండా సెట్టే ఆపుతుంది. ఎన్‌క్రిప్షన్ సదుపాయాన్ని పూర్తిగా ఆపివేయాలి, హామ్ సంభాషణ రహస్యంగా ఉండకూడదు.

ఛానళ్లను జోన్లలో చేర్చి సెట్‌లోకి పంపాక మొదటి పిలుపు 9990కే వెళ్లాలి. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడండి, లేదంటే కాల్‌సైన్‌లో మొదటి అక్షరం పోతుంది. మీ గొంతు తిరిగి శుభ్రంగా వినిపించాకే 404కు మారండి. ఒకసారి బటన్ నొక్కితే ఆ టాక్‌గ్రూప్ మీ హాట్‌స్పాట్‌కు తాత్కాలికంగా ముడిపడుతుంది. ఎప్పుడూ వినిపించాలంటే బ్రాండ్‌మీస్టర్ ఖాతాలో దాన్ని స్టాటిక్‌గా (శాశ్వతంగా) చేర్చాలి. మాటకూ మాటకూ మధ్య రెండు మూడు సెకన్లు విరామం ఇస్తే, కొత్తగా చేరాలనుకునేవారికి చోటు దొరుకుతుంది. అన్నీ కుదిరాక కోడ్‌ప్లగ్‌ను తేదీతో సహా వేరే ఫైల్‌గా దాచుకోండి, తర్వాతి ఫర్మ్‌వేర్ మార్పుకు ముందు అదే అక్కరకు వస్తుంది.